చిత్రిక పట్టని కొమ్మ

పాత్రో గారు పారాదీప్‌కి బదిలీ అయి
సామాన్ల లారీలో చోటు లేదని
కాకటీల్ పిట్టని మా గుమ్మంలో దించి వెళ్లారు.
పంజరం, అరకిలో కొర్రలు, పేరు బఠానీ.
వారం తిరక్కుండానే గమనించాను
అది ఒంటికాలి మీద నిలబడుతోంది.
కునుకు కాదు,
రెండోది దించలేకపోతోంది.

మర్రిపాలెం డాక్టరమ్మ దాన్ని వెల్లకిలా తిప్పి
అరికాల్లో మినపగింజంత ఎర్రటి పుండు చూపించింది.
"ఈ కర్ర ఎవరు చేశారు?"
నేను చేయలేదు. కానీ నేను చేసినట్టే ఉంది:
ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే లావు,
వేలు పెడితే జారిపోయే నునుపు.
"పగలూ రాత్రీ ఒకేచోట ఒత్తుకుంటే
మీ కాలైనా ఇంతేనండీ.
చెట్టుకొమ్మ పెట్టండి, ఎగుడుదిగుడుగా."

షిప్‌యార్డులో ముప్ఫై ఒక్క ఏళ్లు
కేబిన్లకి తలుపులూ మెట్లకి చేతిపట్లూ చేసినవాణ్ణి.
ఎగుడుదిగుడు అన్నమాట వింటే
ఇప్పటికీ నా మణికట్టు కదుల్తుంది.

వీధి మలుపులో గన్నేరు విరగబూసి పిలిచింది.
మేకలు కూడా మూతి పెట్టవు దానికి. తప్పుకున్నాను.
హైవే చెట్లు లారీల పొగ తాగి ఉన్నాయి.
చివరికి కంచరపాలెం మెట్ట మీద
నూకరత్నం పెరట్లో జామ.
"మందేమైనా కొట్టినావా దీనికి?"
"మందా! నీళ్లే పొయ్యను.
ఉడతలు తినగా మిగిల్తే నానూ తింతాను."
ఆ మాట చాలు. రంపం తీశాను.

తొట్టిలో వేసి బ్రష్షుతో రుద్దితే
నీళ్లు నల్లబడ్డాయి.
పోర్టు బొగ్గు.
మా గలేబుల మీదా, ఆరేసిన వడియాల మీదా వాలేదే
జామ బెరడు మీదా వాలింది.
మూడు నీళ్లకి గానీ తేటపడలేదు.
రాత్రంతా నానబెడితే
కన్నంలోంచి గండుచీమలు రెండు తేలి
తొట్టి అంచెక్కి వెళ్లిపోయాయి.
పొద్దున్న కాగేనీళ్లు పోశాను, మేడ మీద ఎండేశాను.
పక్కింటి లోవరాజు పిట్టగోడ మీంచి
"ఏటి మావా, కర్రకి తలంటు పోస్తన్నావా?"

నాలుగో ఎండకి ఒళ్లో పెట్టుకున్నాను.
బెరడు పొలుసులు లేచి
కింద రాగిరంగు, పక్కనే లేత ఆకుపచ్చ.
ఒకచోట మణికట్టు లావు, ఇంకోచోట బొటనవేలు.
మధ్యలో కణుపు, మోచిప్పలా.
చెయ్యి చిత్రిక మీదకే పోతోంది.
వెనక్కి తీసుకున్నాను, మళ్లీ పోయింది.
కోసిన కొసల్లో పేళ్లు మాత్రం గరుకు కాగితంతో అరగదీశాను.
వార్నిష్ డబ్బా మూత తియ్యలేదు.
బోల్టు, రెండు వాషర్లు, చేత్తో తిప్పే నట్టు.
కింద నీళ్లగిన్నె ఉంటే జరిపాను, రెట్ట పడకుండా.

బఠానీ దాన్ని చూసి
ఎదురుమూల ఊచలకి అతుక్కుపోయింది.
ఒకరోజు. రెండు. మూడు.
పాత కర్ర తీసేయలేదు, పాపం.
లైటార్పి నేనూ కూర్చునే ఉన్నాను.

అప్పుడు గుర్తొచ్చింది.
వానాకాలం, మరమ్మతుకొచ్చిన ఓడ.
నేను చేసిన చేతిపట్టుకి
ముసలి బోసన్ ఒకాయన కొబ్బరితాడు చుట్టుకుంటున్నాడు.
"తడిస్తే జారిపోతోంది తమ్ముడూ" అన్నాడు.
అద్దంలా తీసిన పనిని పాడుచేశాడని
ఆ రోజు ఆయనతో మాట్లాడలేదు నేను.
తర్వాత కూడా.

అయిదో తెల్లారి, షిఫ్టు సైరన్ ఇంకా మోగలేదు.
ఊచల మీంచి ఒక కాలు చాచింది,
వెనక్కి తీసుకుంది,
చాచింది.
కణుపు దగ్గర వేళ్లు కాస్త విప్పి, కాస్త ముడిచి,
తన లావు తనే వెతుక్కుని నిలబడింది,
రెండు కాళ్ల మీద.

ఇప్పుడు రోజూ కొమ్మని చెక్కుతుంది.
ముక్కుతో బెరడు లేపి, తిప్పి చూసి, వదిలేస్తుంది.
పంజరం కింద చుట్టలు చుట్టలుగా పొట్టు,
నా బల్ల కింద రాలినట్టే.
నెల తిరిగేసరికి ఇంకో కొమ్మ కావాలి.
నూకరత్నాన్ని ఇప్పట్నుంచే మంచి చేసుకోవాలి.